గోడ ఏడ తాగుతాంది?

మడికొండలో మా ఇల్లు మెట్టుగుట్టకు దిగువన ఉంటుంది. గుట్టంతా రాయి. రాయి నీళ్లు తాగదు, పడ్డ వానను పడ్డట్టే కిందికి పంపిస్తుంది. కాళోజీ చిన్నతనం గడిచిన ఊరిది. ఆనాటి ఇళ్లు ఒకటీ అరా ఇంకా నిలబడే ఉన్నాయి. మాదీ అలాంటిదే: అడుగున రాతికట్టు, దాని మీద డంగు సున్నంతో పేర్చిన ఇటుక గోడ, టేకు దూలాలు, పైన పెంకు. గోడ మందం 18 అంగుళాలు. వంటింటికీ నడిమి అర్రకూ మధ్య ఉన్న గోడ మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నెమ్ముగానే ఉంది. ఎండాకాలం ఆ గోడకు వీపు ఆనిస్తే హాయిగా ఉండేది. వానాకాలం దాని పక్కన పెట్టిన బియ్యం సంచి అడుగు బూజు పట్టేది.

పాత ఇంట్లో చెమ్మతో వేగుతున్నవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. తడి కనిపించిన చోట డబ్బు పెట్టకండి, తడి వచ్చిన చోట పెట్టండి. ఈ రెండూ ఒకే చోట ఉండటం చాలా అరుదు. ఇది తెలుసుకోవడానికి మాకు పదిహేనేళ్లు పట్టింది.

మొదట్లో ఏటా సున్నం వేసేవాళ్లం. దసరాకు వేసిన సున్నం సంక్రాంతికల్లా పొడిపొడిగా రాలేది. తర్వాత ఒక మేస్త్రీ మాట విని పాత సున్నపు గిలాబు చెక్కించి సిమెంటు గిలాబు చేయించాం. ఆ ఏడాది గోడ ఎండిందనే అనుకున్నాం. మరుసటి వానలకు రెండడుగుల ఎత్తున ఉన్న చెమ్మ మూడున్నర అడుగులకు ఎక్కింది. దాని మీద నీరు పట్టని రంగు వేయించాం. అది బొబ్బలెక్కింది. బొబ్బను గోటితో గీరితే లోపలి నుంచి తెల్లటి ఉప్పు రాలింది. ఆఖరికి నాలుగడుగుల దాకా టైల్స్ అంటించాం. టైల్స్ పై అంచు మీద, నాలుగున్నర అడుగుల ఎత్తున, చెమ్మ గీత మళ్లీ వచ్చి కూర్చుంది.

అప్పుడొచ్చి చూశాడు మా వాడకట్టులోని ఒక ముసలాయన. వయసులో తాపీ పట్టి ఎన్నో ఇళ్లు కట్టినవాడు. టైల్ మీద వేలితో రెండు దెబ్బలు కొట్టి, "బిడ్డా, గోడ నీళ్లు తాగుతాంది. నువ్వు దాని నోరు ఇడిసిపెట్టి ముక్కు మూస్తానవు. ఏడ తాగుతాందో ముందుగాల అది జూడు" అన్నాడు.

ఆ మాటలో శాస్త్రమంతా ఉంది. ఇటుకలోనూ సున్నంలోనూ కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయి. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు, అవి నేలలోని తడిని పైకి లాగుతాయి. లాగిన తడిని గోడ తన ఒంటి మీదుగా గాలిలోకి వదులుతూ ఉంటుంది. కింద తాగేదీ పైన వదిలేదీ సమానమైన చోట చెమ్మ గీత ఆగుతుంది. ఒంటికి సిమెంటో టైలో కప్పితే వదలడం ఆగిపోతుంది గానీ తాగడం ఆగదు. అందుకే గీత ఇంకా పైకి పోతుంది. ఆ నీళ్లతో పాటు మట్టిలోని లవణాలూ పైకి వస్తాయి. నీరు ఆవిరైపోయాక లవణం గిలాబు లోపలే గడ్డకట్టి, ఉబ్బి, పెచ్చులు ఊడదీస్తుంది. ఈ కాలంలో గోడలకు నీళ్లు ఎక్కకుండా పునాది మీద డీపీసీ అని ఒక పొర వేస్తారు. పాత ఇళ్లకు అది లేదు. వాటిని కాపాడింది ఎత్తయిన రాతికట్టు, చుట్టూ వాలుగా ఉన్న నేల, గాలి ఆడే సున్నం. మేం ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పాడుచేసుకున్నాం.

ఇది గోడ అందం గురించిన గొడవ మాత్రమే కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. మా అమ్మ ఆ నడిమి అర్రలోనే పడుకునేది. ఆమె దగ్గు వానాకాలంతో మొదలై చలికాలం చివర తగ్గడం ఏళ్ల తరబడి చూస్తూ కూడా, గోడకూ దగ్గుకూ ముడి వేసుకోలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే, ఇక్కడ చెప్పినవాటిలో ఇంకేమీ చేయకపోయినా ఈ రాత్రే వాళ్ల మంచం తడి గోడకు దూరంగా జరపండి. తడి గోడలో కరెంటు బోర్డు ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని పొడి గోడకు మార్పించండి. మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇంటి ఎర్తింగ్ కూడా సరిచూడమనండి.

ఇక వెతకడం సంగతి. దీనికి కావలసినవి సుద్దముక్క, పాలిథిన్ కవరు, కాస్త ఓపిక. గోడ మీద చెమ్మ ఎక్కడిదాకా ఉందో ఆ అంచు వెంట సుద్దతో గీత గీసి, పక్కనే తారీకు వేయండి. పదిహేను రోజులకోసారి మళ్లీ గీయండి. మూడు నెలలు గడిచేసరికి గోడే కథంతా చెబుతుంది. వానతో ఎక్కి ఎండకు దిగే గీతైతే అది బయటి వాన నీరు. వానకూ ఎండకూ కదలకుండా ఉంటే పైపో మోరీయో కారుతోందని అనుమానించాలి. గీత ఒక మూల ఎత్తుగా, దూరం పోయేకొద్దీ దిగుతూ ఉంటే ఆ మూలనే తవ్వాలి.

నేలకు మరో పరీక్ష ఉంది. అడుగున్నర పాలిథిన్ ముక్కను బండ మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు అడుగున నీటి బొట్లు కట్టితే తడి నేలలోంచి వస్తోందని అర్థం. కవరు పైన కడితే అది గాలిలోని తేమ. మా ఇంట్లో అడుగునే కట్టింది, అదీ బియ్యం డ్రమ్ము పెట్టే మూలన చెయ్యి తడిసేంత.

2023 జులై చివరి వానలు మా జిల్లాలో ఎవరూ మర్చిపోరు. హనుమకొండ, వరంగల్ కాలనీలు నీళ్లలో నిలిచాయి. భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ వారం మా వంటింట్లో డ్రమ్ము కింది బండల సందుల్లోంచి నీరు ఊటలా వచ్చింది. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది, "ఆ బండ కింద పాతర ఉండె గద." నేనెప్పుడూ వినలేదు. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో జొన్నలు అందులోనే పోసేవారట. గడ్డి పరిచి, గింజలు నింపి, రాతి మూత వేసి మట్టితో మెత్తి, మళ్లీ కరువు కాలానికో పెళ్లికో తెరిచేవారట. బియ్యం తినడం మొదలయ్యాక పాతర పని తీరిపోయింది. ఎవరో బండలు పరిచి మూసేశారు. మూశారే గానీ పూడ్చలేదు. వంటింటి కింద, ఆ తడి గోడ పునాదిని ఆనుకుని, ఒక ఖాళీ గొయ్యి యాభై ఏళ్లుగా నీళ్లు పట్టి ఉంచింది.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. మూసి ఉన్న పాతరలోకి, పాడుబడ్డ బావిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. అక్కడ ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు ఉండొచ్చు. వాసన వస్తేనే ప్రమాదం అనుకోవద్దు, వాసన లేకుండానే మనిషి కూలిపోతాడు, అతన్ని తీయడానికి దిగినవాడూ కూలిపోతాడు. పూర్వం పాతర తెరిచాక ఒక రోజు వదిలేసి, కందిలి కిందికి దింపి చూసి, అది వెలుగుతూ ఉంటేనే దిగేవాళ్లు. మేం మూత తీసి, తాడుకు కట్టి కందిలి దింపితే నాలుగడుగులు దిగేసరికి ఆరిపోయింది. ఆ ఆరిపోయిన దీపాన్ని చూసి అమ్మ నా చొక్కా గట్టిగా పట్టుకుంది. దీపం ఆరితే దిగకూడదన్నది ఖాయం. వెలిగినంత మాత్రాన దిగొచ్చని మాత్రం కాదు, కొన్ని వాయువులు దీపానికి అందవు. కాబట్టి ఎంత పనైనా పైనుంచే చేయాలి. మేం 2024 ఫిబ్రవరి దాకా ఆగి, మోటారు పైపు వదిలి నీళ్లు తోడి, అడుగు బురదను పొడుగు కర్రకు కట్టిన డబ్బాతో తీశాం. నీళ్లు ఒక్కసారిగా తోడొద్దు. చుట్టూ నానిన మట్టి లోపలికి జారి పునాదిని లాగుతుంది. రోజుకు అడుగు చొప్పున తోడాం.

గొయ్యి ఖాళీ అయింది. ఆనందపడ్డాం. వారానికి మళ్లీ మోకాటిలోతు నీళ్లు! ఫిబ్రవరిలో, చినుకు లేని రోజుల్లో. నీళ్లు తోడితే ఇల్లు ఆరదని అప్పుడు గట్టిగా తెలిసింది.

సరిగ్గా అదే రోజుల్లో అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటున్న మా మేనల్లుడితో ఫోన్లో మాట్లాడుతుంటే అతనూ ఇదే గోస చెప్పాడు. అక్కడ పాత చెక్క ఇళ్ల నేల కింద మనిషి పాకుతూ వెళ్లగలిగేంత ఖాళీ ఉంటుంది. దాన్ని క్రాల్ స్పేస్ అంటారు. గాలి ఆడితే ఆరుతుందని చుట్టూ కిటికీల్లాంటి సందులు పెట్టడం అక్కడి పాత పద్ధతి. కానీ ఉక్కపోత కాలంలో బయటి గాలి నిండా తేమ ఉంటుంది. అది చల్లగా ఉన్న నేల కిందికి వెళ్లి బొట్లు కడుతుంది, దూలాలకు బూజు పడుతుంది. ఆ రాష్ట్రంలోనే ప్రిన్స్‌విల్ అనే ఊళ్లో 12 ఇళ్ల కింద పరీక్ష చేసి, సందులు మూసి నేలంతా ప్లాస్టిక్ పరిచిన ఇళ్లే వేసవిలో పొడిగా ఉన్నాయని తేల్చారు. "అయినా మామయ్యా, ప్లాస్టిక్ పరిచే ముందు బయటి నీళ్లు ఆపకపోతే ఆ కవరు కింద చెరువవుతుందట" అన్నాడు మేనల్లుడు. అక్కడా మొదటి మాట మా తాపీ తాత మాటే. ఆ ఫోన్ నుంచి నాకు దొరికిన ఇంకో పాఠం: వానాకాలంలో తలుపులన్నీ బార్లా తీసి, ఫ్యాను పెట్టి నేల ఆరబెట్టాలని చూడకండి. మన దగ్గర ఆరబెట్టే కాలం మాఘం నుంచి రోహిణి దాకా.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడటానికి ఇంటి చుట్టూ తిరగాలి, అదీ వానలో గొడుగు వేసుకుని. ఎండలో తిరిగితే ఏమీ కనబడదు. మాకు మూడు కనబడ్డాయి.

ఒకటి, జాలాటి. స్నానాల నీళ్లు మోరీలోకి పోయే పైపు గోడ లోపలే విరిగి ఉంది. రెండు రోజులు అక్కడ నీళ్లు వాడకుండా ఆపితే పాతరలో ఊట సగానికి తగ్గింది. ఫిబ్రవరి నీళ్ల గుట్టు అదే. పైపు మార్చడానికి ఒక పూట పట్టింది. పదిహేనేళ్లలో మేం పెట్టిన ఖర్చులన్నిటిలోకీ ఇదే చిన్నది, ఇదే పెద్ద పని చేసింది.

రెండు, వెనక చూరు. మా ఇంటికీ పక్కింటికీ నడుమ మూడడుగుల సందు ఉంది. వెనక పెంకు 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. 5 సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క వాలు మీంచే 1,500 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు 75, ఆ సందులో పునాది పక్కనే కుమ్మరించినట్టు. ఇన్ని నీళ్లు వస్తుంటే కూడా చెమ్మకు మూలన కాల్చిన సున్నం పెట్టమని చాలామంది చెబుతారు. కిలో సున్నం తనలో కలుపుకోగల నీరు 320 గ్రాములే. అల్మారాలో బట్టలకు అది సరిపోతుంది, ఇంటికి సరిపోదు. పైగా నీళ్లు తగిలితే సలసల కాగి కళ్లలో చిందుతుంది, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. మేం చూరు కింద రేకు దోనె కట్టించి, పైపుతో నీళ్లను వీధి మోరీలోకి దింపాం.

మూడోది మన చేతిలో లేనిది: వీధి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పడి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వచ్చే మా వాకిలి ఇప్పుడు వీధి కంటే జానెడు పల్లమైంది. పాత ఇళ్లున్న ఏ ఊళ్లోనైనా ఇదే పరిస్థితి. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతదాన్ని తవ్వి తీసి, అదే మట్టానికి వేయమని వాడకట్టంతా కలిసి అడగాలి. వేశాక అరిచి లాభం లేదు. మేం వేశాక మేల్కొన్నవాళ్లం కాబట్టి గుమ్మం ముందు చిన్న దిమ్మె కట్టుకుని, వాకిలిని గోడ నుంచి బయటికి 10 అడుగులకు 6 అంగుళాల వాలు వచ్చేలా మొరం పోసి గట్టి చేసుకున్నాం. గుట్ట వైపు గోడకు మూడడుగుల దూరంలో కంకర కాలువ తవ్వాం: అడుగు వెడల్పు, ఇంటి నేల కంటే లోతు, పునాది అడుగు కంటే మాత్రం పైనే. బొక్కలున్న పైపు, చుట్టూ 40 ఎంఎం కంకర, మట్టి లోపలికి రాకుండా జియో టెక్స్‌టైల్ గుడ్డ. గోడ పొడవునా ఒకేసారి తవ్వొద్దు, ఐదారడుగులు తవ్వి నింపుకుంటూ పోవాలి. కాలువ చివర నీళ్లు పోయే చోటు ఉండాలి. ఇంకుడు గుంత మంచిదే, కానీ ఇంటికి ఆనించి తవ్వితే మనమే కొత్త పాతర తవ్వుకున్నట్టు. కనీసం 15, 20 అడుగులు దూరం ఉంచండి.

ఇవి చేశాక ఒక వానాకాలం ఊరికే ఉన్నాం. ఏమీ కప్పలేదు, ఏమీ పూడ్చలేదు. నన్నడిగితే ఈ పనంతటిలో కష్టమైంది అదే. బంధువులు వచ్చి పెచ్చులూడిన గోడ చూసి పోతుంటారు. అమ్మ "ఇగ సున్నమన్న ఎయ్యరాదు" అంటుంది. వేయలేదు. టైల్స్, సిమెంటు గిలాబు చెమ్మ గీత కంటే అడుగున్నర పైదాకా చెక్కేశాం, ఇటుక కనిపించేలా. గోడ మీద తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, చేటలో ఎత్తి బయట పారేశాం. కడగకూడదు, కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. గోడ ఆరడానికి మేస్త్రీలు చెప్పే లెక్క అంగుళానికి నెల. మాది 18 అంగుళాలు. రెండు వైపులా తెరిచాం కాబట్టి తొమ్మిది నెలలు. 2024 వానల్లో గీత రెండు అంగుళాలే పైకి వచ్చి ఆగింది. సంక్రాంతికి అడుగున్నరకు దిగింది.

ఆ మధ్య ఒక సంగతి. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, హనుమకొండ వేయి స్తంభాల గుడి కళ్యాణ మండపం మళ్లీ తెరిచారు. 2006లో విప్పిన మండపం. నేనూ వెళ్లి చూశాను. కాకతీయులు గుడి బరువును ఇసుక పోసిన పునాది మీద నిలిపారని, రామప్పలోనూ అదే పద్ధతని మనందరికీ తెలుసు. ఆ రాళ్ల మధ్య నిలబడి నేను మా పాతర గురించే ఆలోచించాను. బంకమట్టి నీటిని వత్తిలా పైకి లాగుతుంది. ముతక ఇసుకలో, కంకరలో సందులు పెద్దవి, నీరు వాటి గుండా పెద్దగా పైకి ఎక్కలేదు. పాతరను మట్టితో పూడ్చాలన్న ఆలోచన ఆ రోజే మానేశాను.

2025 ఎండాకాలంలో పాతరను ఇలా నింపాం: అడుగున పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎంఎం, 20 ఎంఎం కంకర, దాని మీద గుడ్డ, ముతక ఇసుక, 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, మళ్లీ ఇసుక, పైన తాండూరు బండలు. షీటు అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి అడుగు ఎక్కేలా పరవాలి. బయటి నీళ్లు ఆగాయని ఒక వానాకాలం చూసి నమ్మకం కుదిరాకే ఈ షీటు వేయండి. ముందే వేస్తే నేలలో తడి దారి లేక గోడల్లోకి ఎక్కుతుంది. పూడ్చే ముందు అమ్మ వచ్చి రాతి మూతను పారేయవద్దంది. అది ఇప్పుడు మా పెరట్లో బట్టలుతికే బండ. దాని అడుగు వైపు, మట్టి మెత్తినప్పటి నాలుగు వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నాయనమ్మవే అంటుంది అమ్మ.

గోడకు మళ్లీ సున్నపు గిలాబే: ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక, పలుచని రెండు పొరలు, వారం పది రోజులు నీడలో తడిపి ఆరనివ్వడం. మట్టి గోడల ఇల్లయితే మట్టి గిలాబే వేయండి. సిమెంటు కలిపితేనే గట్టిగా ఉంటుందని పనివాళ్లు పట్టుబడతారు, ఒప్పుకోకండి. గట్టిదనం కాదు మనకు కావలసింది, గాలి ఆడటం. పైన రంగు కూడా సున్నమే.

ఈ వానాకాలం వంటింటి వైపు గీత తొమ్మిది అంగుళాల దగ్గరుంది. అమ్మ మంచం పక్క అర్రలోకి మారింది, దగ్గు మందు సీసా ఈసారి నిండుగానే ఉంది. ఇక దర్వాజ ఎడమ కాలు మిగిలింది, కింద జానెడు చివికిపోయి, చెదలు తిన్న గూళ్లతో. చివికిన ముక్క కోసి కొత్త టేకు అతకాలి. వడ్లాయన వచ్చి ఉలితో గుచ్చి చూసి, పిడికెడు పొట్టు తీసి అరచేతిలో నలిపి వాసన చూశాడు. "ఇంక పచ్చిగనే ఉన్నది సారూ. ఇంకో ఎండకాలం పోనియ్యి" అని సామాను సర్దుకున్నాడు.